పాత పోటీ తుపాకీకి మేస్త్రి ఏడీ?

విజయవాడ ఆటోనగర్‌ గేటు దాటి లోపలికి వెళ్లాక బాగుపడని బండి ఉండదని కృష్ణా డెల్టాలో గట్టి నమ్మకం. లారీ కమాన్‌ కట్ట విప్పి, విరిగిన పట్టీ మార్చి, పొద్దుగూకేలోపు బండిని రోడ్డెక్కించే చేతులు అక్కడున్నాయి. కంపెనీ ఎప్పుడో తయారీ ఆపేసిన ఇంజన్‌కు లేత్‌ మీద బుష్‌ తిప్పి ఇచ్చేవాళ్లున్నారు. డీజిల్‌ పంపులో తేడా వస్తే మూత విప్పకముందే చెవితో పట్టేవాళ్లున్నారు. ఆసియాలోనే పెద్ద ఆటోమొబైల్‌ కేంద్రాల్లో ఒకటిగా పేరు తెచ్చుకున్న పేట అది. అంత పనితనం ఉన్నచోట కూడా అరచేతిలో ఇమిడే ఒక చిన్న యంత్రాన్ని పని బల్ల మీద పెట్టడానికి వీల్లేదు. అది షూటింగ్‌ పోటీల్లో వాడే షాట్‌గన్‌ ట్రిగ్గర్‌ మెకానిజం.

వీల్లేదన్నది చట్టం. ఆ చట్టంలో తప్పు లేదు. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్‌ ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ తయారుచేయడం, అమ్మడం ఎంత నేరమో, బాగుచేయడం, పరీక్షించడం కూడా అంతే నేరం. 2019 సవరణ తర్వాత ఈ నేరానికి కనీస శిక్ష ఏడేళ్ల జైలు, గరిష్ఠం యావజ్జీవం. ‘ఆయుధాలు’ అన్న మాటకు చట్టం ఇచ్చిన నిర్వచనంలో వాటి భాగాలూ ఉన్నాయి కాబట్టి, తుపాకీ ఇంట్లో ఉంచి ట్రిగ్గర్‌ భాగాన్ని మాత్రమే జేబులో వేసుకుని లేత్‌ షాపుకు తీసుకెళ్తానన్నా కుదరదు. ప్రాణాలతో ముడిపడిన వస్తువు మీద ఇంత కట్టడి ఉండాల్సిందే.

అయితే కట్టడి పెట్టిన ప్రభుత్వమే మరో పని కూడా చేయాలి. ఆ బల్ల దగ్గర చట్టబద్ధంగా కూర్చోగలిగే మేస్త్రిని తయారుచేసే దారి వేయాలి. ఆ దారి ఇవాళ తెలుగు నేల మీద కనబడదు. షూటింగ్‌లో ప్రపంచ స్థాయి క్రీడాకారుల్ని కన్న రాష్ట్రాలు ఆ క్రీడకు ప్రాణమైన యంత్రాన్ని చూసుకునే మనిషి గురించి మాత్రం ఆలోచించలేదు.

2023 అక్టోబర్‌ 1న చైనాలోని హాంగ్‌ఝౌలో ఏం జరిగిందో గుర్తుచేసుకోవాలి. ఆసియా క్రీడల్లో పురుషుల ట్రాప్‌ జట్టు విభాగంలో భారత్‌ స్వర్ణం గెలిచింది. జట్టులో జోరావర్‌ సింగ్‌ సంధు, పృథ్వీరాజ్‌ తొండైమాన్‌లతో పాటు హైదరాబాద్‌కు చెందిన కైనన్‌ చెనాయ్‌ ఉన్నాడు. ముగ్గురూ కలిసి గాల్లోకి విసిరే 375 క్లే బిళ్లలకు 361 పగలగొట్టారు. అందులో కైనన్‌ వాటా 125కు 122. వ్యక్తిగత విభాగంలో కాంస్యం కూడా అతనికే దక్కింది. అంతకు ముందే, 2016లో రియో ఒలింపిక్స్‌లో ఆడిన అనుభవం అతనిది. ఆ పతకాల గురించి పత్రికలు రాశాయి, నాయకులు అభినందించారు. 125 సార్లూ ఒకేలా పనిచేసిన ట్రిగ్గర్‌ గురించి ఎవరూ మాట్లాడలేదు. పనిచేసినంతకాలం దాని గురించి ఎవరికీ గుర్తుండదు కూడా.

ట్రాప్‌ పోటీలో ట్రిగ్గర్‌ పాత్ర ఏమిటో ఒక చిన్న లెక్క చెబుతుంది. షూటర్‌కు 15 మీటర్ల ముందు నేలలో ఒక గొయ్యి ఉంటుంది. అందులో మూడేసి చొప్పున ఐదు జట్లుగా 15 యంత్రాలు ఉంటాయి. షూటర్‌ కేక వేయగానే వాటిలో ఒకటి క్లేను విసురుతుంది. అది ఎటు పోతుందో ముందుగా తెలియదు. క్లే వ్యాసం 11 సెంటీమీటర్లు, బరువు నూరు గ్రాములకు కాస్త ఎక్కువ. గంటకు నూరు కిలోమీటర్ల వేగం అనుకుంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. అంటే ట్రిగ్గర్‌ సెకనులో నూరో వంతు ఆలస్యం చేస్తే క్లే 28 సెంటీమీటర్లు జరిగిపోతుంది. తన వ్యాసానికి రెండున్నర రెట్లు అన్నమాట.

ఆ ఆలస్యం ప్రతిసారీ ఒకేలా ఉంటే ఇబ్బంది లేదు. షూటర్‌ శరీరం వేల గుళ్ల సాధనతో దానికి అలవాటు పడుతుంది. ఒకసారి తేలిగ్గా విడిచి, మరోసారి కాస్త బిగుసుకుని, ఇంకోసారి గరగరలాడుతూ జారితేనే ప్రమాదం. అప్పుడు తప్పు కంటిదా, భుజానిదా, మనసుదా అని షూటర్‌ వెతుక్కుంటూ ఉంటాడు. కోచ్‌ నిలబడే తీరు మార్పిస్తాడు. నెలలు గడిచిపోతాయి. తప్పు ఉన్నది ట్రిగ్గర్‌లో, గడ్డకట్టిన ఒక చుక్క నూనెలో.

పై స్థాయిలో గెలుపోటముల మధ్య ఎంత దూరం ఉంటుందో 2024 ఆగస్టు 5న పారిస్‌ ఒలింపిక్స్‌లో దేశమంతా చూసింది. షాట్‌గన్‌ పోటీల్లోనే మరో రకమైన స్కీట్‌లో, మిక్స్‌డ్‌ విభాగం కాంస్య పోరులో మహేశ్వరి చౌహాన్‌, అనంత్‌జీత్‌ సింగ్‌ నరూకా జోడీ చైనా చేతిలో 43–44తో ఓడింది. ఒకే ఒక్క క్లే తేడా. తుపాకీలో లోపం వల్ల వచ్చిన ఓటమి కాదది. కానీ ఒక్క క్లే ఒలింపిక్‌ పతకాన్ని తేల్చేచోట, యంత్రం వల్ల ఒక్కటైనా పోగొట్టుకునే స్తోమత ఏ షూటర్‌కూ లేదు.

లోపల ఏముంటుందో కాస్త దగ్గరగా చూద్దాం. పోటీల్లో వాడేది సాధారణంగా 12 బోర్‌, ఒకదాని మీద ఒకటిగా రెండు గొట్టాలున్న తుపాకీ. గొట్టాలు తెరిచినప్పుడు లోపల రెండు హ్యామర్లు వెనక్కి వంగి, బలమైన స్ప్రింగుల ఒత్తిడితో సిద్ధంగా నిలబడతాయి. ప్రతి హ్యామర్‌నూ ఒక కొక్కెం లాంటి ముక్క గాడిలో పడి పట్టి ఉంచుతుంది. దాన్ని సియర్‌ అంటారు. ట్రిగ్గర్‌ లాగినప్పుడు ఆ కొక్కెం గాడిలోంచి జారుతుంది, హ్యామర్‌ ముందుకు దూకి ఫైరింగ్‌ పిన్‌ను కొడుతుంది, పిన్‌ తూటా అడుగున ఉన్న ప్రైమర్‌ను గుచ్చుతుంది. ఈ కథంతా కంటికి సరిగా ఆనని కొక్కెం అంచు మీద నడుస్తుంది. పోటీ తుపాకీల్లో ట్రిగ్గర్‌ మీద పడాల్సిన బరువు సుమారు ఒకటిన్నర నుంచి రెండు కిలోలు. ఆ బరువుకు చేరగానే అది గాజుపుల్ల విరిగినట్టు తెగాలి. ముందు జరగకూడదు, తర్వాత సాగకూడదు.

రెండో గుండు సంగతి మరింత సున్నితం. ట్రాప్‌ క్వాలిఫికేషన్‌లో ఒక్కో క్లేకు రెండు గుళ్లు పేల్చవచ్చు. ఒకే ట్రిగ్గర్‌తో రెండు గొట్టాలూ పేలాలి కాబట్టి, మొదటి గుండు తర్వాత ట్రిగ్గర్‌ రెండో సియర్‌కు తగులుకోవాలి. కొన్ని తుపాకుల్లో ఈ మార్పు పూర్తిగా యంత్రబద్ధంగా జరుగుతుంది. మరికొన్నింటిలో మొదటి గుండు వెనక్కి తన్నే తన్నుకు లోపలున్న చిన్న బరువు దిమ్మ కదిలి ఆ పని చేస్తుంది. ఈ రెండో రకంలో పాత నూనె జిగురై దిమ్మ ఇరుక్కుంటే మొదటి గుండు పేలుతుంది, రెండోది పేలదు. భాగాలు అరిగిపోతే అంతకంటే ఘోరం, రెండు గుళ్లూ ఒకేసారి పేలిపోతాయి. షూటర్‌ భుజానికి దెబ్బ తగలడం అందులో చిన్న నష్టం. తాను వద్దనుకున్నప్పుడు పేలే తుపాకీ రేంజిలో ఉన్న అందరికీ ప్రమాదమే.

పాత తుపాకీలంటే పనికిరానివని అనుకోకూడదు. ఇటలీలో డానియేలె పెరాజీ 1957లో పెట్టిన కంపెనీ 1968 మెక్సికో ఒలింపిక్స్‌ నాటికి ఎంఎక్స్‌8 అనే మోడల్‌ తెచ్చింది. దాని రూపకల్పనలో 1964 టోక్యో ఒలింపిక్స్‌ ట్రాప్‌ విజేత ఎన్నియో మాతరెల్లి అనుభవం కలిసింది. ఆ తుపాకీ గొప్పతనాల్లో ఒకటి, ట్రిగ్గర్‌ భాగం మొత్తాన్ని పనిముట్టు లేకుండా ఊడదీయగలగడం. పోటీ మధ్యలో స్ప్రింగు విరిగినా మరో ట్రిగ్గర్‌ సెట్‌ బిగించి నిమిషాల్లో మళ్లీ వరుసలో నిలబడవచ్చు. ఆ తరం తుపాకులు ఇప్పటికీ పోటీల్లో పేలుతున్నాయి. తయారీ ఆగిపోయిన బెరెట్టా 682 లాంటివి ఎన్నో చేతులు మారి ఇంకా పనిచేస్తున్నాయి. మంచి ఉక్కుతో చేసిన పోటీ తుపాకీకి లక్షల గుళ్ల ఆయుష్షు ఉంటుంది. ముందుగా అలిసిపోయేవి స్ప్రింగులు, అరిగిపోయేవి ఆ చిన్న కొక్కేల అంచులు.

బాగుచేయడంలో మొదటి మెట్టు శుభ్రం చేయడమే. లైసెన్సున్న గన్‌స్మిత్‌ బల్ల మీద పాత తుపాకీ విప్పడం చూస్తే ఆ సంగతి అర్థమవుతుంది. ముందుగా, భుజానికి ఆనించే చెక్క మడమకున్న రబ్బరు దిండు ఊడుతుంది. ఆ కన్నంలోంచి పొడుగాటి స్క్రూడ్రైవర్‌ పెట్టి లోపలి బోల్టు వదులు చేస్తే చెక్క విడివడుతుంది. అప్పుడు కనిపిస్తుంది అసలు దృశ్యం. హ్యామర్ల చుట్టూ వార్నిష్‌లా గట్టిపడ్డ గోధుమ రంగు పొర, అందులో కాలిన మందు మసి, చెక్క పొట్టు. స్ప్రింగుల మొదట్లో ఎర్రగా తుప్పు చుక్క. చెక్క లోపలి అంచు నూనె పీల్చి నల్లబడి, గోరుతో నొక్కితే మెత్తగా దిగుతుంది.

ఈ నూనె ఎక్కడి నుంచి వచ్చింది? ప్రేమతో పోసిందే. ప్రతి ఆదివారం గొట్టాల్లో నూనె దండిగా పోసి, తుపాకీని నిటారుగా బీరువాలో నిలబెడితే అది కిందికి జారి ట్రిగ్గర్‌లో చేరుతుంది, అక్కడి నుంచి చెక్కలోకి దిగుతుంది. అందుకే పాతకాలపు గన్‌స్మిత్‌లు శుభ్రం చేశాక కొన్నాళ్లు తుపాకీని గొట్టాలు కిందికి ఉండేలా పెట్టమంటారు. నూనె చుక్కల్లో వేయాలి, ధారగా కాదు. తుప్పు వదిలించడానికి కొనుక్కొచ్చే స్ప్రేలను కందెనగా వాడితే అవి ఎండి బంకగా మారతాయి.

డెల్టా వాతావరణం ఈ యంత్రానికి రెండు వైపుల నుంచీ శత్రువు. మే నెలలో విజయవాడ ఎండకు నూనె పలచబడి జారిపోతుంది, మిగిలింది ఎండిపోతుంది. తొలకరి నుంచి కార్తీకం దాకా గాలిలో తేమ. బందరు వైపు వెళ్తే ఉప్పు గాలి దానికి తోడు. తేమకు చెక్క ఉబ్బి లోపలి మీటలకు రాసుకుంటుంది. వేసవిలో సాఫీగా నడిచిన ట్రిగ్గర్‌ వానాకాలంలో బరువెక్కడానికి చాలాసార్లు కారణం ఇదే. ఇటలీ కొండ ప్రాంతంలో తయారైన తుపాకీ పుస్తకంలో ఈ సంగతి ఉండదు. దాన్ని కనిపెట్టాల్సింది ఇక్కడి గాలి తెలిసిన మేస్త్రి.

రెండో మెట్టు స్ప్రింగులు. తీగచుట్ట స్ప్రింగులు మెల్లగా బలం కోల్పోతాయి, పలక స్ప్రింగులు చెప్పాపెట్టకుండా విరుగుతాయి. హ్యామర్‌ దెబ్బ తగ్గితే ప్రైమర్‌ మీద గుంట లోతు తగ్గుతుంది, తూటా పేలదు. పేలని తూటా అడుగును భూతద్దంలో చూస్తే స్ప్రింగు ఆరోగ్యం తెలిసిపోతుంది. హ్యామర్లను వంచి ఉంచి ఏళ్ల తరబడి బీరువాలో పెట్టకుండా, స్నాప్‌ క్యాప్‌ అనే ఉత్తుత్తి తూటా పెట్టి ట్రిగ్గర్‌ విడిచి దాచితే స్ప్రింగులు ఎక్కువకాలం మన్నుతాయి.

మూడో మెట్టు దగ్గరే అసలు ప్రమాదం. ట్రిగ్గర్‌ గరుకుగా ఉందని సియర్‌ అంచును రాయి మీద రుద్దాలన్న ఆశ పుడుతుంది. నాలుగు రుద్దులకు ట్రిగ్గర్‌ వెన్నలా జారుతుంది. యజమాని మురిసిపోతాడు. కానీ చాలా తుపాకుల్లో ఆ ముక్క కేస్‌ హార్డెనింగ్‌ చేసిన ఉక్కు. పైపొర మాత్రమే గట్టిది, ఉల్లిపొరంత పలచన, లోపలంతా మెత్తన. ఆ పొర రాయి మీద పోయిందంటే కొన్ని వందల గుళ్లలోనే మెత్తని ఉక్కు అరిగి, గాడిలో పట్టు తప్పుతుంది. తుపాకీని కాస్త గట్టిగా మూసినా, మడమ నేలకు తగిలినా హ్యామర్‌ దూకవచ్చు. సేఫ్టీ పెట్టి ఉంది కదా అంటే సరిపోదు. చాలా షాట్‌గన్లలో సేఫ్టీ ఆపేది ట్రిగ్గర్‌ను మాత్రమే, సియర్‌ను కాదు. ట్రాప్‌ తుపాకుల్లో కొన్నింటికి సేఫ్టీ పనిచేయకుండా బిగించే ఉంటుంది.

ఆటోనగర్‌లో గేర్‌బాక్స్‌ విప్పే ఏ మేస్త్రికైనా ఈ మాట వెంటనే అర్థమవుతుంది. గేర్‌ పన్ను పైపొర లేచిపోతే దాన్ని గ్రైండ్‌ చేసి వాడరు, గేరే మారుస్తారు. క్యామ్‌షాఫ్ట్‌ మీద గట్టి పొర ఎంత లోతు ఉంటుందో, ఎక్కడ ఆపాలో వాళ్లకు చేత్తో తెలుసు. ఉక్కుకు టెంపర్‌ పెట్టడం, మిల్లీమీటరులో నూరో వంతును డయల్‌ గేజ్‌తో చూడటం, అరుగుదల గుర్తును బట్టి తప్పు ఎక్కడ మొదలైందో చెప్పడం, ఇదంతా ట్రిగ్గర్‌ పనికి కావాల్సిన విద్యే. తేడా ఒక్కటే. బండి విషయంలో పొరపాటు జరిగితే బండి తిరిగి షెడ్డుకు వస్తుంది, ఇక్కడ పొరపాటుకు మనిషి పోతాడు. కాబట్టి చేతి పనితనం మీద క్రమశిక్షణ, పరీక్ష, రాతపూర్వక లెక్క, పోలీసు తనిఖీ ఉండాలి.

ఆ పనితనానికి చట్టబద్ధమైన దారి లేకపోతే ఏమవుతుందో బిహార్‌లోని ముంగేర్‌ చెబుతుంది. 18వ శతాబ్దంలో బెంగాల్‌ నవాబు మీర్‌ ఖాసిం తన రాజధానిని అక్కడికి మార్చి ఆయుధశాల పెట్టాడు. ఆ విద్య తరతరాలుగా సాగింది. ప్రభుత్వ లైసెన్సుతో 12 బోర్‌ తుపాకులు చేసే కార్ఖానాలు అక్కడ నడిచాయి. వాటికి పని తగ్గేకొద్దీ దొంగ తుపాకుల అడ్డాగా ముంగేర్‌ పేరు వార్తల్లోకి ఎక్కింది. పనితనాన్ని ఎవరూ పట్టించుకోకుండా వదిలేయడం కూడా శాంతిభద్రతల సమస్యే.

తెలుగు నేలకు ఈ విద్య కొత్త కాదు. నిజామాబాద్‌ ప్రాంతంలోని కోనసముద్రంలో తయారైన ఉక్కు పర్షియా దాకా వెళ్లింది, అక్కడి కత్తులకు పదునైంది. హైదరాబాద్‌లో ఇప్పటికీ గన్‌ఫౌండ్రీ అని పిలిచే చోట ఫ్రెంచి సేనాని రేమండ్‌ 1786లో ఫిరంగుల కార్ఖానా కట్టించాడు. నిర్మల్‌లోనూ ఫిరంగులు పోతపోశారు. ఆ పరంపర తెగిపోయింది. మిగిలింది కొన్ని పేర్లు, కొన్ని గోడలు.

తెగిపోనివ్వని దేశాలు ఏం చేశాయో చూడాలి. ఆస్ట్రియాలోని ఫెర్లాఖ్‌ అనే చిన్న పట్టణంలో, బెల్జియంలోని లియేజ్‌లో తుపాకీ పని నేర్పే బడులు 19వ శతాబ్దంలోనే మొదలయ్యాయి. పిల్లలు అక్కడ ముందు ఆకురాయి పట్టడం నేర్చుకుంటారు, ఆ తర్వాతే తుపాకీ. ఇటలీలో బ్రెషియా చుట్టుపక్కల లోయల్లో కుటుంబాలకు కుటుంబాలు ఇదే పనిలో బతుకుతున్నాయి. ఆయా దేశాల షూటర్లు ఒలింపిక్స్‌కు వెళ్లినప్పుడు వాళ్ల వెనక ఆ బల్లలు కూడా నిలబడతాయి.

విజయవాడకు ఈ సంగతి అర్థం కావడానికి ఇటలీ దాకా వెళ్లక్కర్లేదు. ఈ ఊరి అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో కాంపౌండ్‌ విలువిద్యలో మూడు స్వర్ణాలు గెలిచింది. కాంపౌండ్‌ విల్లులో తాడును వేళ్లతో వదలరు, రిలీజ్‌ ఎయిడ్‌ అనే చిన్న పరికరంతో వదులుతారు. అందులోనూ ఒక కొక్కెం, దాన్ని విడిపించే మీట. విల్లుకైనా తుపాకీకైనా సూత్రం ఒకటే, తెగే క్షణం ప్రతిసారీ ఒకేలా ఉండాలి. విలువిద్యలో అకాడమీలు, కోచ్‌లు, పరికరాలు చూసుకునే అనుభవం కలిసి పెరిగాయి కాబట్టే ఈ ఊరు ఆ క్రీడలో నిలబడింది. షాట్‌గన్‌ విషయంలో అలాంటి పెరుగుదల లేదు.

షాట్‌గన్‌ ధనవంతుల ఆట, దానికి ప్రభుత్వం ఎందుకు ఖర్చు పెట్టాలి అని ఎవరైనా అడగవచ్చు. ఈ ప్రశ్నకు జవాబు పాత తుపాకీలోనే ఉంది. కొత్త ఇటాలియన్‌ పోటీ తుపాకీ ధర లక్షల్లో ఉంటుంది. ఒక మధ్యతరగతి అమ్మాయి లేదా రైతు కొడుకు ఈ ఆటలోకి రావాలంటే మొదటి మెట్టు సీనియర్‌ షూటర్‌ వాడి వదిలిన తుపాకీయే. అది చట్టప్రకారం బదిలీ కావాలి, నమ్మకంగా పనిచేయాలి. బాగుచేసే మనిషి ఊళ్లో లేకపోతే ఆ తుపాకీ ఇనుప ముక్కే. లైసెన్సు పత్రాలు పట్టుకుని దూరపు నగరానికి తీసుకెళ్లి, అక్కడ వదిలి, మళ్లీ వెళ్లి తెచ్చుకోవాలి. డబ్బున్నవాడు రెండో తుపాకీతో సాధన చేస్తాడు. లేనివాడి సీజన్‌ పోతుంది. మేస్త్రి లేకపోవడం వల్ల నష్టపోయేది ముందుగా పేద షూటరే.

మేస్త్రుల్ని పెంచితే తుపాకులు పెరుగుతాయన్న భయమూ ఉంది. అది నిజమైన భయమే, తేలిగ్గా కొట్టిపారేయకూడదు. కానీ ఇక్కడ అడుగుతున్నది కొత్త తుపాకులు చేసే కార్ఖానా కాదు. ఇప్పటికే లైసెన్సు మీద ఉన్న తుపాకులు సురక్షితంగా ఉండేలా చూసే బల్ల. పొలాల్లో అడవి పందుల బెడదకు పంట రక్షణ లైసెన్సు మీద తీసుకున్న పాత 12 బోర్‌ తుపాకులు కూడా ఉన్నాయి. ఎన్నికలు వచ్చినప్పుడల్లా వాటిలో చాలావరకు పోలీస్‌ స్టేషన్‌లో జమ అవుతాయి, తర్వాత తిరిగి ఇంటికి వస్తాయి. వచ్చేటప్పుడు వాటి సియర్లు ఏ స్థితిలో ఉన్నాయో ఎవరు చూస్తున్నారు? కాగితం మీద లైసెన్సు సరిగా ఉండటం ఎంత ముఖ్యమో, లోపల కొక్కెం సరిగా పట్టడం అంతకు తక్కువ ముఖ్యమేమీ కాదు.

పోటీ నిబంధనలు ఈ విషయంలో మనకంటే ముందున్నాయి. అంతర్జాతీయ షూటింగ్‌ సమాఖ్య నియమాల ప్రకారం తుపాకీ మొరాయిస్తే షూటర్‌ దాన్ని తెరవకూడదు, సేఫ్టీ ముట్టుకోకూడదు, సురక్షితమైన దిక్కుకు పట్టుకుని రిఫరీ వచ్చేదాకా ఆగాలి. తప్పు తుపాకీదా, మనిషిదా తేల్చేది రిఫరీ. వేలు వదిలినప్పుడు పేలే రిలీజ్‌ ట్రిగ్గర్లను ఆ సమాఖ్య పోటీల్లో నిషేధించారు. అమెరికా ట్రాప్‌ పోటీల్లో మాత్రం అవి మామూలే. అక్కడి పాత తుపాకీ ఏదైనా చేతులు మారి ఇక్కడికి చేరితే, దాని ట్రిగ్గర్‌ ఏ రకమో తెలియకుండా ముట్టుకోవడమే ప్రాణాంతకం. ఇలాంటివి గుర్తుపట్టే కన్ను ప్రతి రేంజిలోనూ ఒకటుండాలి.

షూటర్లు తమ వంతు చేయాల్సింది ఎక్కువ లేదు. ప్రతి సాధన తర్వాత పైపైన తుడవడం, చుక్క నూనె, ఉత్తుత్తి తూటాలు, ఎన్ని గుళ్లు పేల్చారో రాసే చిన్న పుస్తకం. ఏడాదికోసారి ట్రిగ్గర్‌ బరువు గేజ్‌తో చూపించుకోవడం. బరువు ఉన్నట్టుండి తగ్గితే సంతోషించకుండా, ఆ రోజుకు సాధన ఆపేయడం. చెక్క విప్పాక చేసే ఏ పనీ తమది కాదని ఒప్పుకోవడం. ఇంటర్నెట్‌ వీడియో చూసి రాయి పట్టుకునేవాళ్లు తమతో పాటు పక్క స్టాండ్‌లో నిలబడ్డవాళ్ల ప్రాణాన్నీ పణంగా పెడుతున్నారు.

మిగిలినదంతా ప్రభుత్వాల చేతిలో ఉంది. నేర్పేవాళ్లు లేరనడానికి వీల్లేదు. సికింద్రాబాద్‌ తిరుమలగిరిలో సైన్యపు ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్‌, మెకానికల్‌ ఇంజినీరింగ్‌) కళాశాల ఉంది. సైన్యంలో, పోలీసు ఆర్మ్‌డ్‌ రిజర్వ్‌లో ఆయుధాలు బాగుచేసే ఆర్మరర్లుగా జీవితమంతా పనిచేసి పదవీ విరమణ పొందేవాళ్లున్నారు. నేర్చుకునేవాళ్లకూ కొదవ లేదు. ఐటీఐల్లో ఫిట్టర్‌, టర్నర్‌, మెషినిస్ట్‌ చదివి ఆటోనగర్‌ షెడ్లలో చేయి తిరిగిన కుర్రాళ్లున్నారు. రేంజి కూడా ఉంది. 2002 జాతీయ క్రీడల కోసం హైదరాబాద్‌ కేంద్రీయ విశ్వవిద్యాలయం ప్రాంగణంలో కట్టిన షూటింగ్‌ రేంజిలో తరాల క్రీడాకారులు తయారయ్యారు. ఈ మూడింటినీ కలిపే తాడే లేదు.

ఆ తాడు వేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు. ఆయుధాల చట్టంలో మరమ్మతు లైసెన్సుకు చోటుంది. రెండు తెలుగు రాష్ట్రాల హోం, క్రీడా, ఉపాధి శిక్షణ శాఖలు కలిసి ఏడాది ఆర్మరర్‌ కోర్సు ఒకటి రూపొందించాలి. మొదటి ఆరు నెలలు ఆకురాయి, కొలతలు, టెంపరింగ్‌, తర్వాతి ఆరు నెలలు పోలీసు ఆయుధశాలలో పనికిరానిదిగా పక్కన పెట్టిన తుపాకుల మీద సాధన. ఇప్పటికే ఫిట్టర్‌ సర్టిఫికెట్‌, మచ్చలేని పోలీసు రికార్డు ఉన్నవాళ్లనే తీసుకోవాలి. పరీక్ష నెగ్గినవాళ్లకు మరమ్మతు లైసెన్సు ఇచ్చి, వాళ్ల బల్లను బజారులో కాకుండా రేంజి ప్రాంగణంలోనే, కెమెరా కింద, సీలు వేసిన రిజిస్టర్‌తో నడిపించాలి. బాగుచేసిన ప్రతి తుపాకీకీ ట్రిగ్గర్‌ బరువు ఎంత, మార్చిన ముక్క ఏది, ఉత్తుత్తి తూటాలతో మడమ తట్టి చూసిన పరీక్ష నెగ్గిందా లేదా రాసిన కాగితం యజమానికి ఇవ్వాలి. లైసెన్సు పునరుద్ధరణ వేళ ఆ కాగితాన్ని అడగాలి.

మొదటి జట్టుకు పది మంది చాలు. విజయవాడలో ఐదుగురు, హైదరాబాద్‌లో ఐదుగురు. ఆంధ్రప్రదేశ్‌ క్రీడా ప్రాధికార సంస్థ ఈ ప్రతిపాదనను వచ్చే బడ్జెట్‌ కసరత్తులోనే ముందుకు తేవచ్చు, తెలంగాణ తన రేంజిలో ఒక గది కేటాయించవచ్చు. దరఖాస్తుల కోసం మాత్రం ముందు ఆటోనగర్‌లో నోటీసు అంటించాలి.